కొండ మీద ‘వాడు’ ఎవరు, ‘మీరు’ ఎవరు?

హిమాచల్ ప్రదేశ్‌లో హంప్టా కనుమ దాటాల్సిన రోజు, తెల్లవారుజాము నాలుగున్నర. బాలూ కా ఘేరా క్యాంపులో వంట టెంటు ముందు నిలబడి టీ తాగుతున్నాను. హైదరాబాద్ నుంచి వచ్చిన 14 మంది క్లయింట్లు బూట్లు కట్టుకుంటున్నారు. మా లోకల్ గైడుకి 50 దాటి ఉంటాయి. గ్లాసు పట్టుకుని కనుమ వైపు కాసేపు చూసి, ఆయన నాతో హిందీలో మెల్లగా చెప్పారు: పైన గాలి తేడాగా ఉంది, ఇవాళ్టికి ఆగితే మంచిది. మా ట్రెక్ లీడర్‌కి 29. పది అడుగుల అవతల హెడ్‌ల్యాంపులు లెక్కపెట్టుకుంటూ, తలెత్తకుండానే నన్ను అడిగాడు: "వాడేమంటున్నాడు?"

"పైన కొంచెం గాలుందట అన్నా" అన్నాను.

లీడర్ క్లయింట్ల వైపు తిరిగి, "మీరంతా విండ్‌చీటర్లు వేసుకోండి, పైన కాస్త చలిగా ఉంటుంది" అన్నాడు.

మూడు నోళ్ళు మారేసరికి ‘ఆగుదాం’ కాస్తా ‘విండ్‌చీటర్ వేసుకోండి’ అయింది. రెండు గంటలు నడిచాక గాలికి నిలబడలేక వెనక్కి వచ్చేశాం. పెద్ద ప్రమాదమేమీ జరగలేదు. ఒకావిడకి రెండు వేళ్ళ కొసలు తెల్లబడి, సాయంత్రానికి గానీ స్పర్శ రాలేదు. దాని మీద డబ్బు వాపసు గొడవ నెల రోజులు నడిచింది. నన్ను తినేసింది మాత్రం ఆ డబ్బు గొడవ కాదు. ఆయన ఏమన్నారో నాకు స్పష్టంగా తెలుసు. మరి సగం మింగి ఎందుకు చెప్పాను?

‘వర్క్‌ప్లేస్ కల్చర్’, ‘ఇన్‌క్లూజన్’ అనగానే మన హైదరాబాద్ వాళ్ళకి గచ్చిబౌలి ఆఫీసుల్లో మహిళా దినోత్సవం నాటి కప్‌కేకులు, రిసెప్షన్‌లో ముగ్గు గుర్తొస్తాయి. నేనూ ఆ కేకులు తిన్నదాన్నే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ శని ఆదివారాలు భువనగిరి కోట దగ్గర తాళ్ళు కట్టడం నేర్చుకుని, తర్వాత నాలుగేళ్ళు ఒక ట్రెకింగ్ కంపెనీలో పూర్తికాలం పనిచేశాను. అక్కడికి వెళ్ళాక అర్థమైందేమిటంటే, కొండలెక్కించే వ్యాపారంలో ఇది పండగ వ్యవహారం కాదు. ఎవరి మాట ఎవరి చెవిదాకా వెళ్తుంది, ఎంత ఆలస్యంగా వెళ్తుంది అన్నదే అక్కడ అసలు ప్రశ్న. మామూలు ఆఫీసులో కింది మనిషి మాట పైకి చేరకపోతే ప్రాజెక్టు ఆలస్యమవుతుంది. కొండ మీద చేరకపోతే వేళ్ళు పోతాయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు.

ముందు ఇలాంటి కంపెనీలో ఎవరెవరుంటారో చూడండి. పైన ఓనరు, అందరికీ ‘అన్న’. తర్వాత ఆఫీసులో ఫోన్లు ఎత్తేవాళ్ళు, ఇన్‌స్టాగ్రామ్ చూసుకునేవాళ్ళు. తర్వాత ట్రెక్ లీడర్లు. వీళ్ళలో ఒకరిద్దరికే నెల జీతం, మిగతావాళ్ళకి ట్రిప్పుకింత. ఆ కింద వాలంటీర్లు, అంటే ఉచితంగా ట్రెక్కు దొరుకుతుందని పనిచేసే కుర్రాళ్ళు. ఇక్కడితో హైదరాబాద్ అయిపోతుంది. హిమాలయాల్లో దిగాక అక్కడి లోకల్ ఆపరేటర్, ఆయన మాట్లాడిన గైడు, వంటమనిషి, ఇద్దరు ముగ్గురు హెల్పర్లు, కంచరగాడిదలు తోలేవాళ్ళు, చాలాచోట్ల బరువులు మోయడానికి నేపాల్ నుంచి వచ్చినవాళ్ళు. వెబ్‌సైట్లో ‘మా టీమ్’ అని ఉండే ఫొటోల్లో మొదటి సగమే కనిపిస్తుంది. క్లయింటు ప్రాణం ఎక్కువ భాగం రెండో సగం చేతిలో ఉంటుంది.

ఈ రెండో సగాన్ని మనవాళ్ళు గంపగుత్తగా ‘షెర్పాలు’ అంటారు. షెర్పా అంటే పదవి కాదు, తూర్పు నేపాల్ కొండల్లోని ఒక జాతి పేరు. బరువులు మోసేవాళ్ళలో రాయ్‌లు, తమాంగ్‌లు, మగర్లు కూడా బోలెడంత మంది. నాలుగు రోజులు మన సామాను మోసిన మనిషిని జాతి పేరుతో పిలిచి, అదీ తప్పు పేరుతో పిలిచి, చివర్లో భుజం మీద చెయ్యేసి సెల్ఫీ దిగుతాం.

తెలుగులో ఇంకో చిక్కుంది. మన సర్వనామాలే మనిషికి ర్యాంకు కట్టేస్తాయి. క్లయింటు ‘మీరు’, లీడర్ ‘నువ్వన్నా’, గైడూ వంటాయనా ‘వాడు’. బ్రీఫింగ్‌లో నోరు తెరిచిన ప్రతిసారీ ఈ నిచ్చెన మళ్ళీ ఒకసారి గుర్తుచేసుకుంటాం. 29 ఏళ్ళవాడు 50 ఏళ్ళాయన్ని ‘వాడు’ అన్నాక, ఆ ‘వాడి’ మాటకి ఎంత బరువుంటుంది? ఆ మాట పైకి చేరవేసే ఆరు నెలల జూనియర్‌ని, అంటే నన్ను, ముందు భయపెట్టింది ఆ రెండక్షరాలే. ఇప్పుడైతే అలా చెప్పగలను. ఆ పొద్దున మాత్రం ఏమీ ఆలోచించలేదు. మాట దానంతటదే చిన్నదైపోయి బయటికి వచ్చింది.

దీన్ని లెక్కలతో చూసినవాళ్ళున్నారు. 2015లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. హిమాలయాలకు వెళ్ళిన 5,104 బృందాలు, 56 దేశాలకు చెందిన 30,625 మంది ఆరోహకుల రికార్డులు పరిశీలించారు. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదనే పట్టింపు ఎక్కువగా ఉన్న దేశాల బృందాల నుంచి శిఖరం చేరినవాళ్ళు ఎక్కువ. చనిపోయినవాళ్ళూ ఎక్కువే. ఒంటరిగా ఎక్కేవాళ్ళలో ఈ తేడా కనిపించలేదు. అంటే వ్యత్యాసం మనుషుల సత్తాలో లేదు, గుంపుగా ఉన్నప్పుడు వాళ్ళ మధ్య మాట నడిచే తీరులో ఉంది.

నాకు ఇందులో నచ్చింది మొదటి సగం, అంటే శిఖరం చేరినవాళ్ళు ఎక్కువ అన్నది. ఎందుకంటే మన దగ్గర ఈ సంగతి ఎవరు ఎత్తినా ‘హైరార్కీ చెడ్డది, అందరూ సమానం’ అని ముగించేస్తారు. కొండ మీద అది కుదరదు. తాడు మీద ఏడుగురు ఉన్నప్పుడు ‘ఆగు’ అంటే ఆగాలి, ‘కదులు’ అంటే కదలాలి. అక్కడ చర్చ పెడితే పడిపోతారు. క్రమశిక్షణ ఉన్న బృందం పైకి చేరుతుంది, లెక్కలూ అదే చెబుతున్నాయి. ప్రాణం తీసేది ఇంకోటి: తాడు కట్టుకోకముందు, టీ తాగేటప్పుడు, టెంట్లో పడుకునే ముందు కూడా అదే క్రమశిక్షణ నడవడం. వంటమనిషి ఒకటి గమనిస్తాడు, అడగలేదు కాబట్టి చెప్పడు. చివర నడిచే స్వీప్‌కి ఒకరు తూలుతున్నట్టు తెలుస్తుంది, లీడర్ చూసే ఉంటాడులే అనుకుంటాడు.

1996 మే 10న ఎవరెస్ట్ మీద తుఫానులో చిక్కుకుని 8 మంది చనిపోయిన సంగతి చాలామందికి తెలుసు. పేరున్న రెండు కంపెనీల అధిపతులు, రాబ్ హాల్, స్కాట్ ఫిషర్, అందులోనే పోయారు. మధ్యాహ్నం రెండింటికల్లా ఎక్కడున్నా వెనక్కి తిరగాలన్న మాట ఉన్నా, ఆ గంట దాటాక కూడా జనం పైకి నడుస్తూనే ఉన్నారు. ఫిషర్ బృందంలో నీల్ బీడిల్‌మన్ అనే గైడు ఉన్నాడు. ముగ్గురు గైడుల్లో తనది మూడో స్థానం కాబట్టి, నోరు తెరవాల్సిన చోట తెరవలేదని తర్వాత తనే చెప్పుకున్నాడు. ఆ రాత్రి కొందరిని బతికించి క్యాంపుకి చేర్చినవాళ్ళలో అతనూ ఒకడు. అంత చేవ ఉన్నవాడే మధ్యాహ్నం ‘ఇక చాలు’ అనలేకపోయాడు. నేను మింగిన మాటకీ అతను మింగిన మాటకీ ఎత్తులో నాలుగున్నర వేల మీటర్ల తేడా ఉంది, అంతే.

ఇక మన ‘అన్నా’ సంగతి. హైదరాబాద్‌లో ఏ ట్రెకింగ్ కంపెనీకి వెళ్ళినా ముందు వినిపించే మాట ‘ఇక్కడ బాసులు లేరు, మనమంతా ఫ్యామిలీ’. అబద్ధం అనను. నాకు జ్వరం వస్తే ఓనరు భార్య చారన్నం పంపింది. కానీ ఫ్యామిలీ అన్నచోట పేస్లిప్ అడిగితే బాగోదు. ఇన్సూరెన్స్ కాగితం చూపించమంటే అనుమానించినట్టు ఉంటుంది. అన్న మాటకు తమ్ముడు ఎదురు చెప్తే కుటుంబంలో ఏమవుతుందో కంపెనీలోనూ అదే అవుతుంది: ఎవరూ తిట్టరు, తర్వాతి ట్రిప్పులో పేరు ఉండదు. ‘సార్’ అనే ఆఫీసులో కనీసం సార్ మీద ఫిర్యాదు చేయడానికి ఒక మెయిల్ ఐడీ ఉంటుంది. అన్న మీద ఎవరికి చెప్పుకోవాలి?

దీనికి తోడు డబ్బు లెక్క. ఎవరెస్ట్ మీద క్లయింటు శిఖరం చేరితే వెంట ఉన్న షెర్పాకి వేరుగా సమ్మిట్ బోనస్ ఇవ్వడం మామూలు. వెనక్కి తీసుకొస్తే చాలాసార్లు అది ఉండదు. మన చిన్న ట్రెక్కుల్లో ఆ పని టిప్పులు, గూగుల్ రివ్యూలు చేస్తాయి. కనుమ దాటిన బృందం చివరి రాత్రి టోపీ తిప్పి డబ్బులు పోగుచేస్తుంది. దాటని బృందం మొహాలు ముడుచుకుని బస్సెక్కుతుంది. ఆ పొద్దున ‘ఆగుదాం’ అన్న పెద్దాయన తన టిప్పుని తనే కోసుకుంటున్నారని ఆయనకి తెలుసు. తెలిసీ చెప్పారు. అలా చెప్పడానికి ఎంత కావాలో మేమెవరం లెక్కగట్టలేదు.

2014 వసంతం ఈ మొత్తం వ్యవహారాన్ని ఒకే ఫ్రేములో చూపిస్తుంది. ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఎవరెస్ట్ దారిలోని ఖుంబు ఐస్‌ఫాల్ (పగిలి కదిలే మంచుగడ్డల వాలు) మీద మంచుచరియలు విరుచుకుపడి 16 మంది చనిపోయారు. అందరూ క్లయింట్ల కోసం దారి వేస్తూ, సామాన్లు మోస్తూ ఉన్న నేపాలీ కార్మికులే. నేపాల్ ప్రభుత్వం మొదట ప్రకటించిన తక్షణ సాయం కుటుంబానికి 40 వేల నేపాలీ రూపాయలు, మన లెక్కలో పాతిక వేలు. షెర్పాలు పని ఆపేశారు, ఆ వైపు సీజన్ దాదాపు మూతపడింది. ఆ తర్వాతే వాళ్ళ బీమా కనీస మొత్తం 10 లక్షల నేపాలీ రూపాయల నుంచి 15 లక్షలకు పెరిగింది.

సరిగ్గా 37 రోజుల తర్వాత, మే 25న, కొండకు అవతల టిబెట్ వైపు నుంచి నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం అమ్మాయి మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. వయసు 13 ఏళ్ళ 11 నెలలు. వెంట ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. తాడు పట్టుకోవడం నేర్చుకున్నది మన భువనగిరి రాతి మీదే, ఆ తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్. తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి ఇంకా వారం ఉంది. బేగంపేట నుంచి కూకట్‌పల్లి దాకా ఫ్లెక్సీలు కట్టిన రోజులు.

ఇన్‌క్లూజన్ అంటే ఏమిటో నాకెవరైనా ఒక్క ఉదాహరణ అడిగితే ఇదే చెప్తాను. ఒక ప్రభుత్వ సంస్థ ఖర్చు పెట్టుకుని, శిక్షణ ఇప్పించి, ఇప్పటిదాకా ఎవరూ చూడనివాళ్ళని తాడు మొదటి కొసన నిలబెట్టింది. తర్వాతి ప్రశ్న దగ్గరే నాకు గుటక పడదు. ఆ దారిలో కొండలెక్కిన పిల్లల్లో కొందరు పెద్దవాళ్ళై పని వెతుక్కుంటూ మాలాంటి కంపెనీలకు వచ్చారు. నేను పనిచేసిన చోట అలాంటి ఇద్దరుండేవాళ్ళు. తాడు పనిలో మా అందరికంటే మొనగాళ్ళు. రోజు కూలీ మీద, శని ఆదివారాలు, రాక్ క్లైంబింగ్ దగ్గర మాత్రమే పిలిచేవాళ్ళు. హిమాలయాల ట్రిప్పులకు లీడర్లుగా నాలాంటి ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళం వెళ్ళేవాళ్ళం. కులం ఎవరూ అడగరు. ‘ఏ ఊరు తమ్ముడూ? ఇంటిపేరేంటి? గురుకులమా?’ అని అడుగుతారు. చాలు కదా. ‘క్లయింట్లతో కమ్యూనికేషన్ కావాలి’ అన్నది కారణం. పన్నెండు మంది తెలుగువాళ్ళున్న బ్యాచ్‌కి ఏ కమ్యూనికేషన్ కావాలో నేనెప్పుడూ అడగలేదు. ఆ సీటు నాకొచ్చింది కాబట్టి అడగలేదు.

ఆడవాళ్ళ విషయానికి వస్తే మొదట సామాను గది చూడాలి. మా గోడౌన్‌లో అద్దెకిచ్చే బూట్లు 7వ సైజు నుంచి 11 దాకా. నాది 4. నా మొదటి మంచు ట్రెక్కు రెండు జతల సాక్సులు కుక్కుకుని నడిచాను, మడమలు తోలు లేచిపోయాయి. నడుము హార్నెస్‌లలో స్మాల్ సైజుది ఒకే ఒక్కటి. దాని కోసం శనివారాలు పొద్దున్నే ముగ్గురు అమ్మాయిలం పోటీ. ‘ఎక్కువమంది అమ్మాయిలు రారు కదా’ అని జవాబు. బూట్లు లేకపోతే ఎలా వస్తారు?

టెంట్ల లెక్క దీనికంటే మెలిక. ముగ్గురు లీడర్లలో ఒక అమ్మాయి ఉంటే ఆమెకి ఒక టెంటు వేరుగా వేయాలి, అది ఖర్చు. అందుకని ‘ఈసారికి సర్దుకో అక్కా’ అంటారు, లేదా ఆ ట్రిప్పుకి అమ్మాయినే తీసేస్తారు. రెండోది ఎక్కువ. ‘సేఫ్టీ కోసం’ అన్న మాట విన్నప్పుడల్లా అది ఎవరి సేఫ్టీనో చూసుకోవడం అలవాటైంది. నెలసరి రోజుల గురించి బ్రీఫింగ్‌లో ఒక్క మాట ఉండేది కాదు. ప్యాడ్లు ఎక్కడ పారేయాలి, కిందికి ఎలా మోసుకురావాలి అన్నది నేను చెప్పడం మొదలుపెట్టాక, లీడర్లు ఆ రెండు నిమిషాలూ ఫోన్లు చూసుకునేవాళ్ళు. ఫోన్లలో సిగ్నల్ ఉండేది కాదు.

చట్టం సంగతి చాలా కంపెనీలకు నిజంగానే తెలియదు కాబట్టి కొంచెం వివరంగా. పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. దానికి ముందు 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు (ఊరు కాదు, కేసు వేసిన మహిళా సంస్థ పేరు). తన పని చేసినందుకు అత్యాచారానికి గురై ఆ తీర్పుకి మూలమైన భన్వరీ దేవి ఆఫీసు ఉద్యోగిని కాదు, రాజస్థాన్ పల్లెల్లో తిరిగి పనిచేసే కార్యకర్త. కాబట్టి ఈ చట్టం పుట్టుకలోనే నాలుగు గోడలు లేవు. పని మీద ఉద్యోగి వెళ్ళే ఏ చోటైనా, కంపెనీ ఏర్పాటు చేసిన ప్రయాణంతో సహా, పనిచోటే. బాలూ కా ఘేరాలో వేసిన టెంటూ, మనాలీ వెళ్ళే రాత్రి బస్సూ దాని కిందికే వస్తాయి. ఉద్యోగి అన్న మాటలో రోజు కూలీలు, కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్ళు, ట్రైనీలు, జీతం లేని వాలంటీర్లు కూడా ఉన్నారు. ఫిర్యాదు చేసే స్త్రీ ఉద్యోగి కానక్కర్లేదు, క్లయింటైనా చేయొచ్చు.

పదిమంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు మహిళ, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి నుంచి ఒకరు. పదిమంది లోపైతే జిల్లా స్థాయిలో ఉండే లోకల్ కమిటీకి వెళ్ళాలి. ‘మాకు పేరోల్‌లో ఆరుగురే’ అని మా ఓనరు అనేవాడు. ట్రిప్పుకింత అని వచ్చేవాళ్ళని, వాలంటీర్లని కలిపి లెక్కేస్తే సీజన్‌లో ముప్పై దాటేవాళ్ళం. ఫిర్యాదుకి గడువు మూడు నెలలు, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. సీజన్ మధ్యలో జరిగినదాన్ని సీజన్ అయ్యాక చూద్దామనుకుంటే సగం గడువు కొండ మీదే కరిగిపోతుంది. ఆ ఊరుకోవడంలో ‘ఫ్యామిలీ’ పాత్ర ఎంతో మళ్ళీ చెప్పక్కర్లేదు.

తిండి గొడవలు, లావుగా ఉన్నవాళ్ళ మీద జోకులు, ఇలాంటివి ఏ ఆఫీసులోనైనా ఉండేవే, వాటి జోలికి ఎక్కువగా పోను. ఒక్క మాట. ‘ఫిట్‌గా ఉన్నవాళ్ళకి ఎత్తు జబ్బు (ఎత్తుకి పోయేకొద్దీ ఆక్సిజన్ తగ్గి వచ్చేది) రాదు’ అన్న నమ్మకం మా దగ్గర గట్టిగా ఉండేది. అది తప్పు. జిమ్ దేహానికీ, మారథాన్ పరుగుకీ దాంతో సంబంధం లేదు. ఎంత వేగంగా ఎత్తుకి వెళ్ళామన్నదే ముఖ్యం. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదంటారు. ఈ నమ్మకం వల్ల పొట్ట ఉన్న అంకుల్ తలనొప్పి అందరికీ కనిపిస్తుంది, కండలున్న కుర్రాడి తలనొప్పి ఎవరికీ కనిపించదు. వాడూ సిగ్గుతో చెప్పడు.

హంప్టా సంగతి తర్వాత మా కంపెనీలో కొన్ని మారాయి. మంచి బుద్ధి పుట్టి కాదు, డబ్బు వాపసు దెబ్బ తగిలి. వెనక్కి తిరిగే టైము ముందురోజే కాగితం మీద రాసి క్లయింట్లకు చదివి వినిపించడం మొదలైంది. టిప్పులు కనుమ దాటినా దాటకపోయినా కంపెనీయే ఒక మొత్తం కలిపి పంచేది. రాత్రి బ్రీఫింగ్‌లోకి వంటవాళ్ళనీ, హెల్పర్లనీ పిలిచి, లీడర్ నోరు తెరవకముందే వాళ్ళని అడగాలని పెట్టారు. ఇది నేను పట్టుబట్టిన పని. మొదట్లో నాటకంలా ఉండేది. అందరూ గుండ్రంగా కూర్చుంటారు, ‘ఏమైనా చెప్తారా?’ అని అడుగుతాం, ‘సబ్ ఠీక్ హై సార్’ అంటారు. వాళ్ళు ఏళ్ళ తరబడి నేర్చుకున్న జవాబు అది, ఒక రాత్రిలో పోదు. మూడు ట్రిప్పులు అలాగే గడిచాయి. ‘దండగ అక్కా, వాళ్ళనీ పడుకోనివ్వట్లేదు’ అన్నారు మావాళ్ళు. నాకూ అలాగే అనిపించింది.

మరుసటి డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ. శిఖరానికి ముందు రాత్రి, టెంటు బయట మంచు. గుండ్రంగా కూర్చున్నాం. గిన్నెలు కడిగే కుర్రాడికి పద్దెనిమిది పంతొమ్మిది ఉంటాయి, ఎప్పుడూ పేరు అడిగితే తప్ప మాట్లాడడు. ఆ రాత్రి చేతులు చంకల్లో పెట్టుకుని, నేల చూస్తూ హిందీలో చెప్పాడు: "ఆ ఊదా టోపీ అన్న నిన్న రాత్రి నుంచి తినట్లేదు. పళ్ళెం నిండుగానే వెనక్కొస్తోంది. మీరు చూస్తారని సగం అన్నం చెట్టు వెనక పారేస్తున్నాడు."

ఊదా టోపీ అంటే మా బ్యాచ్‌లో అందరికంటే బలమైన కుర్రాడు, మాదాపూర్ జిమ్ ట్రైనర్. పొద్దుటి నుంచి అందరికంటే ముందు నడిచాడు. ఆకలి చచ్చిపోవడం ఎత్తు జబ్బుకి మొదటి గుర్తుల్లో ఒకటి, అది మా అందరికీ పాఠంగా వచ్చు. వెనక్కొచ్చే పళ్ళేలు చూసేది మాత్రం మాలో ఎవరూ కాదు.

లీడర్ ఆక్సీమీటర్ తీసుకుని ఆ టెంటులోకి వెళ్ళాడు. పది నిమిషాల తర్వాత బయటికి వచ్చి, గిన్నెల కుర్రాడి వైపు చూసి, "మీరు నాతో కిందికి రాగలరా? దారి చీకట్లో నాకంటే మీకే బాగా తెలుసు" అని హిందీలో అడిగాడు. తూ కాదు, తుమ్ కాదు, ఆప్ అనే అన్నాడు. ఆ కుర్రాడు తన వెనక ఎవరైనా ఉన్నారేమో అని ఒకసారి తిరిగి చూసుకున్నాడు. తర్వాత హెడ్‌ల్యాంపు కోసం చెయ్యి చాపాడు.